పత్రికా విలేఖరికి పక్షముండరాదా?

1989వ సంవత్సరము ఏప్రిలు 9వ తేదీని అమెరికా రాజధానియగు వాషింగ్టను నగరములో స్త్రీలు లక్షలకొలదిగా గుమిగూడి ఊరేగింపు సలిపిరి. గర్భమును నిలుపుకొనుటయా, మానుకొనుటయా అను నిర్ణయము స్త్రీదే కావలెనని వారి వాదము. ఆ హక్కును ఆ దేశపు సుప్రీముకోర్టు 1973లో అంగీకరించియుండెను. దానిని కుదించుటకై వచ్చిన వ్యాజ్యమొకటి 1989లో ఆ కోర్టు ముందుండెను. (చివఱకు 2022లో ఆ కోర్టే తన పూర్వపు తీర్పును త్రోసిపుచ్చినది, అది వేఱు కథ.) ఆనాడు వీథులలో నడచిన వేనవేల స్త్రీలలో లిండా గ్రీన్‌హౌస్ అను నామె యొకతె. ఆమె న్యూయార్కు టైమ్సు పత్రికకు సుప్రీముకోర్టు వార్తలు వ్రాయు విలేఖరి. ఏ వ్యాజ్యము తలలో పెట్టుకొని స్త్రీలు నడచుచుండిరో, ఆ వ్యాజ్యమునుగూర్చియే ఆమె మఱునాటినుండి పత్రికలో వ్రాయవలసియుండెను.

సంగతి తెలిసిన పిమ్మట పత్రికాధికారులు ఆమెను మందలించిరి. ఆమె చేసిన పని తమ నియమములకు విరుద్ధమనిరి. ఆ నగరపు పెద్ద పత్రికయగు వాషింగ్టను పోస్టునందలి విలేఖరులు కొందఱును ఆ ఊరేగింపులో నడచిరి. అట్టివారు ఇకమీదట ఈ విషయమును గూర్చిన వార్తలు వ్రాయరాదని ఆ పత్రికవారు శాసించిరి. ఈ శాసనమునకు కర్తలలో నొకడు లెనార్డు డౌనీ. తరువాత ఆయనయే ఆ పత్రికకు ప్రధాన సంపాదకుడయ్యెను. ఆయన ఎన్నికలలో ఓటు వేయుట కూడ మానుకొన్న మనుష్యుడు. మనసులోనైనను ఒక పక్షమున చేరరాదని ఆయన దీక్ష.

ఈ మాట విన్నప్పుడు మాకు నవ్వును వచ్చినది, ఒకింత మనసును చివుక్కుమన్నది. 1921లో చెన్నరాజధానియందు స్త్రీలకు ఓటు దొరకినప్పుడు, బ్రిటిషు ఇండియా రాష్ట్రములలో మొట్టమొదట మనకే దొరకెనని మన పెద్దలు గర్వించిరి. ఆస్తి గలవారికే యైనను, అది ఎంత శ్రమకు ఫలమో మనమెఱుగుదుము. అట్టి దానిని ఒకడు ఉద్యోగధర్మమని పేరుపెట్టి పెట్టెలో బెట్టి తాళము వేసికొనెను!

గ్రీన్‌హౌస్ ఉద్యోగమునకు మాత్రము భంగము కలుగలేదు. 2008వ సంవత్సరము వఱకు ఆమె ఆ కోర్టు వార్తలే వ్రాసెను. 1998లో ఆమెకు పులిట్జరు బహుమానము వచ్చినది. తన వ్రాతను చూచి తన్ను తూచవలెను గాని, సెలవునాడు తన కాళ్లు ఎటు నడచినవో చూచి కాదని ఆమె వాదము. ఈ వాదమునే 2017లో ఒక చిన్న పుస్తకముగా వ్రాసెను.

సోదరీమణులారా, దుకాణమునకు పోయి కందిపప్పు కొనునపుడు మనము ఏమి చూతుము? దుకాణదారు ఏ గుడికి పోవునో, ఏ సభకు చందా ఇచ్చునో అడుగుదుమా? తక్కెడ ముల్లు నిలిచినదా, రాళ్లు సరియైనవా అని చూతుము. కాని ఆ దుకాణదారు నిన్నటి తగవులో మన దాయాదుల పక్షమున నిలిచి కేకలు వేసినవాడని తెలిసినయెడల, మన చూపు ముల్లుమీదనుండి కదలదు గదా! ఈ అనుమానము తప్పని మేమనలేము. పత్రికాధికారుల భయమును ఇట్టిదే. వార్త నిజమైనను, వ్రాసినది ఫలానివారని తెలిసినంతనే చదువరి పత్రికను ప్రక్కన బెట్టునేమోయని వారి భయము.

అయితే ఈ నిష్పక్షపాత నియమము అనాదిగా వచ్చినదేమియు కాదు. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా పత్రికలు చాలవఱకు ఏదో యొక రాజకీయ పక్షమునకు చెందియుండెడివి. తమ పక్షమును దాచుకొనెడివియు కావు. మొదటి ప్రపంచయుద్ధమైన పిమ్మట, ప్రభుత్వములు తమ్మును ఎంతగా మభ్యపెట్టినవో జనులు గ్రహించినప్పుడు, వార్తలయందు నమ్మకము సడలెను. 1920లో వాల్టరు లిప్‌మన్, చార్లెసు మెర్జు అను నిరువురు కూర్చుండి, రష్యా విప్లవమును గూర్చి న్యూయార్కు టైమ్సు మూడేండ్లపాటు ప్రచురించిన వార్తలను ఒక్కొక్కటిగా పరీక్షించిరి. బోల్షివిక్కుల ప్రభుత్వము కూలినదనియో, నేడో రేపో కూలుననియో ఆ పత్రిక రెండేండ్లలో 91 సార్లు వ్రాసినట్లు తేలెను. ఆ ప్రభుత్వమా, కూలలేదు. దీనికి కారణము ఎవరి కుట్రయు కాదని వారు చెప్పిరి. వ్రాయువారి మనసులోని ఆశయు, భయమునే వార్తలుగా అచ్చుపడినవట. కూలవలెనని కోరుకొన్నవారికి ప్రతి వదంతియు కూలుచున్న చప్పుడుగానే వినబడెను.

దీనికి లిప్‌మన్ చెప్పిన మందు ఏమి? విలేఖరి తన హృదయమును ఖాళీ చేసికొనవలెనని ఆయన అనలేదు. అది సాధ్యము కాదని ఆయనకు తెలియును. శాస్త్రజ్ఞుడు తన ప్రయోగమును ఎట్లు పరీక్షకు నిలుపునో, విలేఖరియు తన వార్తను అట్లే సాక్ష్యములతో పరీక్షకు నిలుపవలెననియు, అందుకు శిక్షణ పొందవలెననియు ఆయన చెప్పెను. నిష్పక్షపాతము ఉండవలసినది పద్ధతిలో. మనిషిలో ఉండునని నమ్ముటకు వీలులేదు. ఇందులో ఒక వింత కలదు. ఇంత చెప్పిన లిప్‌మన్ విద్యార్థిదశలో హార్వర్డులో సోషలిస్టు సంఘమునకు అధ్యక్షుడు. 1912లో స్కెనెక్టడీ నగరపు సోషలిస్టు మేయరుకు కొన్ని నెలలు కార్యదర్శి. యుద్ధకాలమున 1918లో శత్రుసైనికులపైకి జారవిడుచు కరపత్రములు వ్రాసినవాడు. నేటి నియమములను బట్టి చూచినయెడల ఆయనకు ఏ వార్తాకార్యాలయములోను కుర్చీ దొరకుట కష్టము.

పద్ధతియన నేమో, అది పక్షముగల మనిషి చేతిలో ఎట్లు పనిచేయునో తెలిసికొనుటకు మేము ఐడా బి. వెల్స్ అను నామె చరిత్రను మించినదానిని ఎఱుగము. కావున దానిని కొంచెము విపులముగా చెప్పెదము.

ఆమె 1862లో మిసిసిపీ రాష్ట్రమున హాలీ స్ప్రింగ్సు అను ఊర బానిసలగు నల్లజాతి దంపతులకు జన్మించెను. 1878లో వచ్చిన పచ్చజ్వరమున తల్లిదండ్రులిరువురును పోయిరి. అప్పటికామెకు పదునాఱేండ్లు. బంధువులు పిల్లలను తలా ఒకరిని పంచుకొందమనగా ఆమె ఒప్పుకొనక, పంతులమ్మ పని సంపాదించి తమ్ములను చెల్లెండ్రను తానే సాకెను. తరువాత మెంఫిసు నగరమునకు వచ్చెను. ఒకనాడు స్త్రీలకు కేటాయించిన రైలుపెట్టెకు టిక్కెట్టు కొని కూర్చుండగా, అది నల్లవారికి తగదని కండక్టరు ఆమెను బలవంతముగా ఈడ్చివేయబోయెను. ఆమె వాని చేయి కొఱికెను. తోటివారి సాయముతో వాడు ఆమెను దింపివేయగా, ఆమె కంపెనీపై దావా వేసెను. 1884లో క్రింది కోర్టు ఆమెకు 500 డాలర్లు ఇప్పించెను. 1887లో రాష్ట్రపు పెద్ద కోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. ఆ దావానుగూర్చి ఒక క్రైస్తవ వారపత్రికకు ఆమె తానే వ్రాసెను. ఆమె పత్రికారచన ఆరంభమైనది ఇట్లు! వాదియు ఆమెయే, విలేఖరియు ఆమెయే.

1889లో ఆమె మెంఫిసులోని 'ఫ్రీ స్పీచి' పత్రికలో భాగస్వామిని అయ్యెను. నల్లపిల్లల బడులు ఎంత హీనస్థితిలో నున్నవో వ్రాసినందుకు 1891లో ఆమె పంతులమ్మ పని పోయెను. 1892 మార్చి 9వ తేదీ తెల్లవాఱకమునుపే మెంఫిసులో ఘోరము జరిగెను. థామసు మాస్ అను నల్లవర్తకునియు, అతని తోటివారిద్దఱినియు ఒక తెల్లగుంపు జైలునుండి ఈడ్చుకొనిపోయి కాల్చి చంపెను. వారు పెట్టిన దుకాణము ఎదుటి తెల్లవాని దుకాణమునకు పోటీయగుటయే ఈ వైరమునకు మూలము. మాస్ ఐడాకు ప్రాణస్నేహితుడు. అతని కూతురునకు ఆమె జ్ఞానస్నానపు తల్లి.

ఇట్లు విచారణ లేకుండ గుంపుచేరి చంపుటకు ఆ దేశమున 'లించింగు' అని పేరు. నల్లవారు తెల్లస్త్రీలను చెఱచుటవలననే ఈ హత్యలు జరుగుచున్నవని దక్షిణరాష్ట్రముల పత్రికలు వ్రాసెడివి. ఇక్కడ మా సోదరీమణులు ఒక సంగతి గమనింపవలెను. మాస్ చంపబడువఱకు ఐడా వెల్సు కూడ ఆ మాటను కొంత నమ్మియే యుండెను. ఈ సంగతి ఆమెయే వ్రాసికొనెను. స్నేహితుని చావు ఆమెను కదలించినది నిజము. కాని ఆమె ఏడ్చి వ్యాసము వ్రాసి ఊరకొనలేదు. హత్య జరిగిన ఊళ్లకు పోయి, ఎవరిపై ఏ నేరము మోపిరో, అది ఎంతవఱకు నిజమో విచారింపసాగెను. అంతకుముందు ఎనిమిదేండ్లలో ఇట్లు చంపబడిన 728 మంది నల్లవారిలో మూడవవంతు మందిపై మాత్రమే స్త్రీని చెఱచిన నేరము మోపబడినదని ఆమె చూపెను. మోపబడుట వేఱు, ఋజువగుట వేఱు గదా!

ఈ అంకెలు ఎక్కడివి? ఇదియే ఆమె తెలివి. ఆ లెక్క కట్టినది చికాగో ట్రిబ్యూన్ అను తెల్లవారి పత్రిక. 1895లో ప్రకటించిన 'రెడ్ రికార్డు' అను గ్రంథమునందును ఆమె ఆ పత్రిక లెక్కలనే వాడెను. నల్లదాని మాట, స్నేహితుడు పోయినదాని మాట, ఉద్యమకారిణి మాట అని ఎవరును త్రోసివేయుటకు వీలులేకుండ, ఎదుటిపక్షమువారు స్వయముగా అచ్చువేసికొన్న మాటలతోనే ఆమె వాదము కట్టెను. తనకు పక్షము కలదని ఆమెకు తెలియును, లోకమునకును తెలియును. కావుననే ఆమె సాక్ష్యము రెండింతలు గట్టిగా ఉండవలసి వచ్చినది. పక్షము లేదని చెప్పుకొనువారికి ఈ జాగ్రత్త ఎంతమందికి కలదో!

మెంఫిసు విడిచి పడమటనున్న ఓక్లహామాకు పొండని ఆమె పత్రిక నల్లవారికి చెప్పెను. అక్కడ ఆకలిచావులు, రోగములు అని తెల్లపత్రికలు బెదరింపగా, ఆమె తానే పోయి మూడు వారములుండి, కన్నది కన్నట్లు వ్రాసి పంపెను. 1892 మే 27వ తేదీన ఆమె ఊర లేనప్పుడు ఒక గుంపు 'ఫ్రీ స్పీచి' కార్యాలయమును ధ్వంసము చేసెను. తిరిగి వచ్చిన చంపుదుమని కబురు వచ్చెను. ఆమె న్యూయార్కులో నిలిచిపోయి అక్కడి 'న్యూయార్కు ఏజ్' అను నల్లవారి పత్రికలో వ్రాసెను. 1894లో న్యూయార్కు టైమ్సు ఆమెను అపవాదులు పుట్టించు నీచమనస్కురాలని దూషించెను. నిష్పక్షపాతమునకు పేరుమోసిన ఆ పత్రికయే 2018 మార్చి 8వ తేదీన, 1931లో చనిపోయిన ఆమెకు, 87 ఏండ్ల ఆలస్యముగా మరణవార్త ప్రచురించెను. 2020లో ఆమెకు పులిట్జరు సంస్థవారు ప్రత్యేక గౌరవము ప్రకటించిరి.

ఇంతవఱకు చదివినవారు, ఉద్యమమున పాల్గొన్నవారందఱును సత్యవ్రతులేయని మా అభిప్రాయమని తలపవలదు. రెండవ ప్రక్కయు కలదు. స్పెయిను దేశమున 1936 మొదలు 1939 వఱకు జరిగిన అంతర్యుద్ధమున క్లాడ్ కాక్‌బర్న్ అను ఆంగ్లేయుడు కమ్యూనిస్టు పత్రికయగు 'డైలీ వర్కరు'కు మాఱుపేరుతో వార్తలు పంపెను. ఫ్రాంకో సేనలు ఓడునట్లు కనబడినచో ఫ్రెంచి ప్రభుత్వము రిపబ్లికు పక్షమునకు ఆయుధములు పోనిచ్చునని తలచి, ఆయనయు, ఒక స్నేహితుడును కలసి మొరాకోలోని టెటువాను నగరమున ఫ్రాంకోపై తిరుగుబాటు జరిగినట్లు పూర్తిగా కల్పించి వార్త వ్రాసిరి. వీథుల పేర్లు, పోరాటపు వివరములు అన్నియు గదిలో కూర్చుండి అల్లినవే. ఏండ్లు గడచిన పిమ్మట ఆయనయే దీనిని తన స్వీయచరిత్రలో వ్రాసికొని, చేసినదానికి సిగ్గుపడలేదు. మంచిపనికై ఆడిన అబద్ధమని ఆయన సమర్థన. పత్రికాధికారులు భయపడునది ఇట్టివారిని చూచియే.

అదే యుద్ధమున మఱియొక ఆంగ్లేయుడు తుపాకి పట్టెను. ఆయన మన దేశమున మోతీహారిలో పుట్టిన జార్జి ఆర్వెల్. వార్తలు వ్రాయుటకని పోయి సేనలో చేరి, 1937లో గొంతునకు గుండు తగిలి చావు తప్పి బయటపడెను. ఉద్యమమున పాల్గొనుట యన ఇంతకు మించి ఏమి కావలెను? కాని 1938లో తన అనుభవములను గ్రంథముగా వ్రాయునపుడు తన పక్షమువారే ఒకరినొకరు ఎట్లు వేటాడిరో, తనవారి పత్రికలు ఎట్లు బొంకెనో దాచలేదు. పైపెచ్చు, నాకు పక్షపాతము కలదు, నేను చూచినది ఒక మూలనుండియే, జాగ్రత్తగా చదువుడని చదువరిని హెచ్చరించెను. ఇరువురిదియు ఒకే పక్షము, ఒకే యుద్ధము. ఒకరు కల్పించిరి, ఒకరు ఒప్పుకొనిరి. వీరి పూర్వచరిత్రలను మాత్రమే చూచి ఉద్యోగమిచ్చువారు ఇరువురకును ఒకే తలుపు మూసియుందురు.

మన తెలుగునాట ఈ ప్రశ్న ఇట్లు పుట్టనే లేదు. మన పత్రికలు ఉద్యమములకు బిడ్డలు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో 'వివేకవర్ధని'ని స్థాపించి రాజమహేంద్రవరపు కచ్చేరీలలోని లంచములను బయటబెట్టిరి. 1881లో వితంతువివాహము చేయించిన చేతులతోనే 1883లో స్త్రీలకొఱకు 'సతీహితబోధిని'ని నడపిరి. మా వంటి స్త్రీల మాసపత్రికలకు అది ముత్తవ్వ. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వందేమాతరోద్యమకాలమున 1907లో కళాశాలనుండి వెడలగొట్టబడి, 1908లో 'స్వరాజ్య' పత్రికలోని వ్రాతకై చెఱసాలకు పోయిరి. వీరిని పట్టుకొని, అయ్యా, మీకు పక్షము కలదా యని అడుగువారు ఆనాడు ఉండిన, అట్టివారిని జనులు పోలీసువారి మనుష్యులని తలచియుందురు.

1923లో కాకినాడ కాంగ్రెసునాటి ఒక చిన్న సంగతి ఇక్కడ చెప్పదగును. ఖద్దరు ప్రదర్శనమునకు ద్వారమువద్ద కాపున్న స్వచ్ఛందసేవికలలో దుర్గాబాయి అను పదునాలుగేండ్ల బాలిక యొకతె. టిక్కెట్టు లేనివారిని లోపలికి పోనీయరాదని ఆమెకు ఆజ్ఞ. జవహర్లాలు నెహ్రూగారు టిక్కెట్టు లేకుండ రాగా ఆమె ఆపివేసెను. నిర్వాహకులు పరుగెత్తుకొని వచ్చి కోపగించినను, టిక్కెట్టు తెచ్చిన పిమ్మటనే ఆయనను పోనిచ్చెను. నెహ్రూగారామెను మెచ్చుకొనిరి. ఆ బాలిక ఉద్యమమున నిలువున మునిగినదే. అయినను, తన పక్షపు నాయకుడని ద్వారము తెఱవలేదు. తరువాత ఆమెయే 'ఆంధ్రమహిళ' పత్రికకు సంపాదకురాలయ్యెను. సంపాదకుని ఆసనమునకు ఇంతకన్న మంచి యోగ్యతాపత్రము మాకు తోచుట లేదు.

ఇటీవలి కాలమునకు వత్తము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపము పాఠములు చదివిన స్త్రీలు సారా దుకాణమును మూయించిన సంగతి మన ఇండ్లలో ఎఱుగనివారు లేరు. ఆ ఉద్యమమును 'ఈనాడు' దినపత్రిక తలకెత్తుకొని, దానికి ప్రత్యేకముగా చోటు కేటాయించి ప్రచారము చేసెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి; 1997లో ఆ నిషేధమును సడలించిరి. ఆ స్త్రీల వార్తలు ఊరూర పాకకున్నచో ఇంత జరిగెడిది కాదని మేమును నమ్ముదుము. కాని ఒక పత్రిక ఒక ఉద్యమమునకు తల్లి అయిన పిమ్మట, ఆ బిడ్డ తప్పటడుగు వేసినప్పుడు ఆ సంగతిని కూడ అంత పెద్ద అక్షరములతోనే అచ్చువేయగలదా? నిషేధకాలమున దొంగసారా కాచువారిని గూర్చి, పొరుగు రాష్ట్రములనుండి వచ్చు సీసాలను గూర్చి వ్రాయవలసివచ్చినప్పుడు విలేఖరి కలము ఒక్కక్షణమైనను ఆగదా? ఉద్యమము గతమున నున్నప్పటికన్న, చేతిలో నున్నప్పుడే ఈ చిక్కు ఎక్కువ.

ఇట్లు చూచినయెడల గతమునకును వర్తమానమునకును పెద్ద భేదము కలదు. అమెరికాలో టకోమా నగరపు పత్రిక సాండీ నెల్సన్ అను విలేఖరిని 1990లో వార్తలు వ్రాయు పనినుండి తప్పించి దిద్దుబాటు బల్లకు మార్చెను. ఆమె పనివేళలు కాని సమయమున స్వలింగప్రియుల హక్కులకై బహిరంగముగా పనిచేయుచుండెను, మానుమనిన మానలేదు. ఆమె కోర్టుకు పోగా, 1997లో ఆ రాష్ట్రపు సుప్రీముకోర్టు, తన విలేఖరులు ఎట్టివారై యుండవలెనో నిర్ణయించుకొనుట పత్రికాస్వాతంత్ర్యములోనిదే యని తీర్పు చెప్పెను. ఇది వర్తమానమును గూర్చిన తగవు. పత్రికవారికి అట్టి నియమము పెట్టుకొను అధికారము కలదని మేమును ఒప్పుకొందుము, ఆమెయెడల మాకు ఎంత జాలి యున్నను.

2021 మే నెలలో జరిగినది వేఱు. అసోసియేటెడ్ ప్రెస్ అను పెద్ద వార్తాసంస్థ ఫీనిక్సు నగరమున 22 ఏండ్ల యువతిని విలేఖరిగా చేర్చుకొనెను. ఆమె యూదు కుటుంబమునకు చెందినది. కళాశాలలో చదువునపుడు పాలస్తీనావారి హక్కులకై విద్యార్థిసంఘములలో పనిచేసెను. ఆ కళాశాలలోని ఎదుటిపక్షపు విద్యార్థులు ఆమె పాత వ్రాతలను త్రవ్వి బయటబెట్టి కోలాహలము చేసిరి. చేరిన రెండు వారములు దాటగనే ఆమెను తొలగించిరి. పూర్వపు ఉద్యమము కారణము కాదనియు, చేరిన పిమ్మట సామాజిక మాధ్యమములలో వ్రాసినవి తమ నియమములకు విరుద్ధమనియు సంస్థవారు చెప్పిరి. ఏ వ్రాతయో లోకమునకు చూపలేదు. ఆ సంస్థలోని ఉద్యోగులే నూఱుమందికి పైగా సంజాయిషీ కోరుచు లేఖ వ్రాసిరి. ఆమె వ్రాయవలసినది అరిజోనా రాష్ట్రపు వార్తలు; పాలస్తీనా సంగతి ఆమె పనిలోనే లేదు.

కళాశాలకు పంపిన కూతుళ్లున్న ఇల్లాండ్రకు ఈ వార్త గుండెలో ముల్లువలె దిగును. ఇరువదేండ్ల వయసున ఊరేగింపులో నడచి, సభలో మాటాడి, పత్రముపై సంతకము చేసిన పిల్ల, ఇరువదిరెండవ ఏట విలేఖరి కాగోరినయెడల, నీ పాత జాబులు తెమ్మని అడుగుదురా? అన్యాయము కంటబడినను నోరు మెదపని పిల్లలను ఏరి తెచ్చి వార్తలు వ్రాయించినయెడల, అట్టివారికి అన్యాయము వార్తగా కనబడునా? మఱియొకటి. పక్షము లేనివాడు ఎవడు? భూమిగలవాడు భూమిశిస్తు వార్త వ్రాసినపుడు, మగవాడు వరకట్నపు వార్త వ్రాసినపుడు నీకు సంబంధము కలదా యని ఎవరును అడుగరు. స్త్రీ ప్రసూతి ఆసుపత్రిని గూర్చి వ్రాసినను, అంటరానివారని వెలివేయబడినవారు బావిని గూర్చి వ్రాసినను మాత్రము, వీరికి స్వార్థము కలదని ప్రశ్న లేచును. సుఖముగా నున్నవాని పక్షము గోడరంగువలె కంటికి ఆనదు.

ఉత్తరప్రదేశమున చిత్రకూట ప్రాంతములో 2002లో మొదలైన 'ఖబర్ లహరియా' పత్రికను చూడుడు. స్త్రీల అక్షరాస్యతోద్యమమునుండి పుట్టిన ఆ పత్రికకు విలేఖరులు పల్లెటూరి స్త్రీలు, పలువురు దళితులు. రోడ్డు వేయని గుత్తేదారును, ఫిర్యాదు వ్రాసికొనని పోలీసువారిని వీరు పేరుపెట్టి అడుగుదురు. అడిగి, ఎదుటివాని సమాధానమును కూడ వ్రాయుదురు. వారి పక్షమేదో దాచుటకు వీలులేదు. వారు పుట్టిన వాడయే దానిని చెప్పును.

మా అభిప్రాయము అడిగినయెడల, నేడు తాను జెండా పట్టి నడుచుచున్న ఉద్యమమును గూర్చి విలేఖరి నేడే వార్త వ్రాయరాదు. వ్రాయక తప్పనిచో ఆ సంగతిని వార్తతోపాటు చదువరికి చెప్పవలెను. నిన్నటి నడకకు మాత్రము శిక్ష తగదు. దాచిన నడకకు తగును. ఓటు కూడ వేయని డౌనీగారి మాటయు ఇక్కడ చెప్పవలెను. 2023 జనవరిలో ఆయనయే మఱియొక సహచరునితో కలసి, డెబ్బదియైదుమందికి పైగా పత్రికాప్రముఖులను ప్రశ్నించి ఒక నివేదిక ప్రకటించెను. నిష్పక్షపాతమను పాతమాట వార్తాకార్యాలయములలో తెల్లమగవారి దృష్టికి మాఱుపేరై పోయినదనియు, విలేఖరులు తమ జీవితములనుండి తెచ్చు జ్ఞానమును ఇకనైనను వాడుకొనవలెననియు దాని సారము. 1989లో వేసిన తాళమును 2023లో ఆయనయే తీసినట్లయినది.

ఐడా వెల్సును గూర్చి ఒక సంగతి మిగిలిపోయినది. 1919 శరత్కాలమున అర్కాన్సా రాష్ట్రపు ఎలైను ప్రాంతములో, ప్రత్తి ధర సరిగా రావలెనని సంఘము పెట్టుకొన్న నల్లరైతులపై తెల్లవారు విరుచుకొనిపడిరి. చచ్చినవారు నల్లవారు ఎందఱో. ఉరిశిక్ష పడినదియు పండ్రెండుగురు నల్లవారికే. తెల్లవారిని చంపుటకు కుట్ర పన్నిరని పత్రికలు వ్రాసెను. అప్పటికి ఆమె చికాగోలో నలుగురు బిడ్డల తల్లి; వయసు ఏబదియేడు. దక్షిణమున అడుగుపెట్టి ముప్పదియేండ్లు కావచ్చినది. అయినను రైలెక్కి లిటిల్ రాకు నగరమునకు పోయెను. ఖైదీల భార్యలు, తల్లులు చూడబోవునపుడు వారితో కలసి, సెయింటు లూయీనుండి వచ్చిన చుట్టముగా జైలులోనికి పోయెను. కాపలావాడు సంశయింపలేదు. నల్లచుట్టపుస్త్రీని ఎవడు తేఱిపాఱ చూచును?

ఖైదీలు తాము చావబోవుచున్నామనియు, స్వర్గమున కలిసికొందుమనియు పాటలు పాడిరి. ఆమె విని, చావును గూర్చి పాడుట మానుడు, బ్రతుకుటకు ప్రార్థింపుడు అనెను. దినమంతయు కూర్చుండి ఒక్కొక్కని కథ వ్రాసికొనెను. ఎవనికి ఎన్ని ఎకరములు, ఎంత ప్రత్తి, ఎంత మొక్కజొన్న, ఎన్ని పశువులు, ఏది ఎవరు తీసికొనిపోయిరి అని అడిగి లెక్క కట్టెను. ఇంటిపద్దు వ్రాయు ఇల్లాలికి ఆ పుటలు చూడగనే తెలియును: ఉరిశిక్షల వెనుక నున్నది ప్రత్తిబేళ్ల లెక్క. 1920లో దానిని చిన్న పుస్తకముగా అచ్చువేసి పంచెను. వ్యాజ్యము పైకోర్టులకు ఎక్కి, 1923లో సుప్రీముకోర్టు ఆ విచారణ విచారణయే కాదన్నది. కాలక్రమమున పండ్రెండుగురును విడుదలైరి. వారిలో నొకడు ఒక సాయంకాలము చికాగోలో ఆమె ఇల్లు వెదకికొనుచు వచ్చి తలుపు తట్టి, అమ్మా, మీరు జైలుకు వచ్చి చూచినవారిలో నేనొకడను అని చెప్పి, ఆమె బిడ్డలకు, భర్తకు తన కథ చెప్పుచు కూర్చుండెను.